క్యాచర్ మీద పందెం

మూడు ఊర్ల ఆడపిల్లల బేస్‌బాల్ పోటీకి బేసులు కుట్టి ఇచ్చేది మా పరుపుల అంగడే. ఆట తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. మైదానంలో నలుచదరంగా నాలుగు మూలలుంటాయి. కొట్టే పిల్ల ఒక మూల నిలబడి బంతిని కొట్టి, మిగతా మూడు మూలలూ తాకి, బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. ఆ మూడు మూలల్లో పరిచే దిండ్లే బేసులు. బయట కొన్నవి రెండు ఆటలకే పగిలిపోతున్నాయని ఒక ఏడు పీఈటీ సారు మా ఆయన దగ్గరికి వచ్చాడు. "పరుపులు కుట్టేవాడివి, ఇవి కుట్టలేవా అన్నా" అన్నాడు. మా ఆయన లోపల కొబ్బరిపీచు కూరి, పైన టార్పాలిన్ వేసి, దబ్బనంతో గట్టిగా కుట్టి ఇచ్చాడు. అప్పటినుంచి ఏటా ఆ పని మాదే. కుట్టేది ఆయన, మోసుకుపోయేది నేను.

నేను పుట్టింది హిందూపురం, మెట్టింది పెనుకొండ. పోటీ ఒక ఏడు అక్కడా ఒక ఏడు ఇక్కడా జరిగేది. ధర్మవరం పిల్లలు రెండు ఊర్లకూ బస్సెక్కి వచ్చేవాళ్ళు. బేసులు దించి ఇంటికి వచ్చేద్దామంటే కుదరదు, ఆట అయ్యాక వాటిని దులుపుకుని మళ్ళీ తెచ్చుకోవాలి. అందుకని అక్కడే ఒక పక్కన కూర్చుని చూసేదాన్ని. చూడగా చూడగా ఆట తలకెక్కింది. పిల్లలకు పిల్లలు పుట్టినా ఒక్క ఏడు కూడా తప్పలేదు.

ఆ పోటీలో కప్పుకంటే తొలి ఏటి బహుమతి మీదే గొడవ ఎక్కువ. ఆ ఏడే మొదటిసారి జట్టులోకి వచ్చిన పిల్లల్లో బాగా ఆడినదానికి ఆ బహుమతి ఇస్తారు. పేరు తేల్చేది షామియానా కింద కూర్చున్న పెద్దలు. కప్పు ఎవరిదో ఆట చూస్తే తెలిసిపోతుంది. ఇది ఆ పెద్దల మనసులో ఉంటుంది కాబట్టి పందాలన్నీ దీనిమీదే. పెనుకొండ బస్టాండు పక్కన టీ అంగడిలో వారం ముందునుంచే మొదలయ్యేవి. కొత్త పిల్లల పేర్లు ఎవరికీ తెలియవు. అందుకని ఏ చోట ఆడే పిల్లకు వస్తుందని కాసేవాళ్ళు, ఓడినవాళ్ళు దోసెలు పెట్టించాలి. పాత సంవత్సరాల సంగతి కావలసివస్తే, బేసుల మూట ఎత్తుకుని బస్సు కోసం నిలబడిన నన్ను పిలిచేవాళ్ళు.

"ఏమక్కా, ఎవురి మీద కాయమంటావు?" అనేవాడు టీ అంగడి ఆయన.

"నన్నడిగి ఓడిపోతే టీలో చక్కెర తగ్గిస్తావు. వద్దులేప్పా."

"చెప్పక్కా, నీకు తెలియందా?"

చెప్పేదాన్ని. మా పెద్దకూతురు కాన్పుకు వచ్చిన ఏడు హిందూపురం పిచ్చర్‌కు వచ్చింది. పిచ్చర్ అంటే మైదానం నడుమ నిలబడి బంతి విసిరే పిల్ల. ఆ పిల్లది ఎడమ చేతివాటం. వానకు నాని బేసులు మోయలేకపోయిన ఏడు కూడా పిచ్చర్‌కే. షామియానా గాలికి లేచి పక్క వీధిలో పడిన ఏడు మాత్రం రెండో బేసుకూ మూడో బేసుకూ మధ్య కాపుకాసే పిల్లకు వచ్చింది. దాన్ని షార్ట్‌స్టాప్ అంటారు. ఆ తర్వాత ఏడూ అదే చోటు, ఊరు వేరు. దూరంగా గడ్డిలో నిలబడేవాళ్ళకు ఒకే ఒక్కసారి వచ్చింది. ఆ ఏడు బంతి దొర్లుకుంటూ పోయి ముఖ్య అతిథి కాళ్ళ దగ్గర ఆగింది. ఆ పిల్ల పరుగెత్తివచ్చి, బంతి తీసుకునే ముందు ఆయన కాళ్ళకు దండం పెట్టింది. టీ అంగడిలో ఆ ఏడు గెలిచినవాళ్ళే లేరు.

క్యాచర్‌కు మాత్రం ఎప్పుడూ రాలేదు. కొట్టే పిల్ల వెనకాల మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, పిచ్చర్ విసిరిన ప్రతి బంతినీ పట్టుకునేది క్యాచర్. "దాని మీద కాసేవాడు దోసె తినాలని ఆశ లేనోడు" అనేవాడు టీ అంగడి ఆయన. ఈ లెక్కంతా ఇంట్లో కూడా చెప్పేదాన్ని, మా తమ్ముడి ఇంట్లోనూ చెప్పేదాన్ని. వినడానికి వాళ్ళకూ సరదాగా ఉండేది.

తమ్ముడు ధర్మవరంలో ఉంటాడు. పట్టుచీరలు నేస్తాడు. అంచు వేరే రంగు, ఒళ్ళు వేరే రంగు ఉండే చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఒకరు నేస్తుంటే రెండోవాళ్ళు పక్కనుంచి అంచు పోగు అందించాలి. ఇన్నాళ్ళూ ఆ రెండో మనిషి మా మరదలే. ఈ మధ్య ఆమెకు నడుము పట్టేసి, కూర్చుంటే లేవలేకపోతోంది. వాళ్ళకు ఒకతే కూతురు. నిరుడు పది పాసయింది. బడిలో ఉన్నప్పుడే బంతి పట్టింది, ఈ ఏడు ధర్మవరం జట్టుకు క్యాచర్‌గా తీసుకున్నారు. అనంతపురంలో ఆడపిల్లలకు ఆట నేర్పుతూ ఇంటరు చదివించే హాస్టల్ ఒకటుంది. అక్కడి మేడం ఆ పిల్ల ఆట చూసి, వస్తే సీటు ఇస్తామంది. ఇక కావలసింది నాయన ఒప్పుకోవడమే. వాడు ఒప్పుకోడు. ఆడపిల్లకు ఆట ఎందుకని కాదు, అట్లాంటి మనిషి కాదు. మగ్గం మీద రెండో మనిషి లేకపోతే చీర దిగదు, అది వాడి బాధ.

నేను ఆ ఇంటికి పోయినప్పుడు పిల్ల ఒక మూల కూర్చుని కండెలకు పట్టు చుడుతోంది. తమ్ముడు మగ్గం గుంతలో ఉన్నాడు. పిల్ల పెట్టిన బొరుగుల ఉగ్గాని తింటూ నేను హాస్టల్ మాట ఎత్తాను.

"బంతాట కూడు పెడ్తాదా అక్కా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"మగ్గం పెడ్తాండాదా?"

"పెట్టబట్టే కదా నువ్వు ఈడ కూర్చుని ఉగ్గాని తింటాండావు."

మంచం మీద పడుకుని ఉన్న మరదలు నవ్వి, నడుము నొప్పికి ఆ నవ్వును మధ్యలోనే ఆపేసింది. "వదినా, పప్పులపొడి ఇంకొంచెం వేసుకో. ఆయన మాటలకేం."

"నీ కూతురికి ఆట బాగా వచ్చబ్బా. ఊరికే అనడంలేదు నేను."

"వస్తే పెద్దోళ్ళే చెప్తార్లే." మగ్గం ఆపి నా వైపు తిరిగాడు. "పందెం కాస్తావా? ఈ ఏడు తొలి ఏటి బహుమతి దీనికొస్తే నేనే అనంతపురం తోడుకొనిపోయి వదిలొస్తా. రాకుంటే?"

మా ఇళ్ళల్లో దుడ్లు పెట్టి పందెం ఆడరు, అది మాకు కూడని పని. మాట పెట్టి ఆడతాము. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ మాట జరిపించాలి. మా అవ్వ కాలంనుంచీ అంతే. తప్పినవాళ్ళను పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ కూడా వదలకుండా ఎత్తిపొడుస్తారు.

"రాకుంటే ఏం చేయాల్నో నువ్వే చెప్పు" అన్నాను.

"రాకుంటే ఈ పిల్ల గురించి నువ్వు ఇంక నోరు తెరవకూడదు. సదువు గానీ, ఆట గానీ, మగ్గం గానీ. నా ఇంట్లో ఒక్క మాట కూడా."

"వదినను మాట్లాడొద్దనేది, బువ్వ తినొద్దనేది ఒకటే" అంది మరదలు. "అట్లాంటి పందెం కాయొద్దు."

నేను చేయి చాపి తమ్ముడి చేతిలో వేసేశాను. వేశాక వాడు నవ్వాడు. "అక్కా, నువ్వే కదా చెప్పినావు, క్యాచర్‌కు ఎప్పుడూ రాలేదని. ఒక ఏడు కాదు, రెండేండ్లు కాదు."

నా లెక్కే తెచ్చి నా మీద పెట్టాడు. పిల్ల కండె చుట్టడం ఆపి మమ్మల్నిద్దరినీ చూసింది. మళ్ళీ చుట్టుకుంది.

పెనుకొండకు తిరిగి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్కో ఏడూ తలచుకుంటూ వచ్చాను. ఎవరికి వచ్చిందో నాకు తెలుసు. ఎందుకు వచ్చిందో ఎప్పుడూ ఆలోచించలేదు. క్యాచర్లు సరిగా ఆడకనా? అట్లా ఏమీ లేదు. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతున్నా లేవని హిందూపురం పిల్ల ఒకతి ఉండేది. ఆ ఏడు బహుమతి పిచ్చర్‌కు పోయింది. ఆ ఏడు షామియానా ఎక్కడ వేశారు? మూడో బేసు పక్కన. గాలికి లేచిన ఏడు? అక్కడే. వాన ఏడు? మొదటి బేసు పక్కన. తలచుకున్న కొద్దీ ఒకటి తేటపడింది. పెద్దల కుర్చీలు ఎప్పుడూ పక్కనే వేస్తారు. పక్కనుంచి చూస్తే పిచ్చర్ నిండుగా కనబడుతుంది, షార్ట్‌స్టాప్ దగ్గరగా కనబడుతుంది. క్యాచర్ కనబడదు. మొహానికి ఇనుప జాలీ, ఎదకు దిండులాంటి కవచం, చొక్కా మీది నంబరు దాని కింద. ఎవరో ముసుగు వేసుకుని కూర్చున్నట్టు ఉంటుంది. క్యాచర్ పని చూడాలంటే వెనకాల కూర్చోవాలి, వల వెనకాల. బంతి జనం మీదికి రాకుండా కట్టే పెద్ద వల అది. దాని వెనక కుర్చీలు వేసిన ఏడు నాకు ఒక్కటీ జ్ఞాపకం రాలేదు.

ఈ ఏడు పోటీ మొదటిసారి ధర్మవరంలో. నేను గట్టిగా అనుకున్నాను, కుర్చీలు వల వెనకాలే పడాలి.

ఆట ముందురోజే బేసులు తీసుకుని పోయాను. ముందు పిల్లను పక్కకు పిలిచాను. "ఏమే, ఈ ఒక్క ఆట షార్ట్‌స్టాప్‌లో నిలబడరాదా? ఆ చోటుకైతే బహుమతి వస్తాది."

"నేను నిలబడను అత్తా" అంది. "వెనకాల కూర్చుంటే మైదానమంతా నా ముందర ఉంటాది. ఆడ నిలబడితే ఎవురో పిలిస్తే పోయినట్లుంటాది."

ఇక నేను పట్టుబట్టలేదు. షామియానా కట్టే ఆయన మూడో బేసు పక్కన గుంతలు తవ్వుతుంటే పోయి నిలబడ్డాను.

"అప్పా, ఆ కట్టెలు వల వెనకాల పాతితే బాగుంటాది."

"ఎవురు చెప్పినారక్కా?"

"నేనే చెప్తాండా. నాలుగింటికి ఆ గోడ నీడ యాడ పడ్తాదో చూడు. ఈడ కూర్చుంటే ఎండ పెద్దోళ్ళ మొహంలోనే."

ఆయన గోడ చూశాడు, ఎండ చూశాడు, నన్ను చూశాడు. "పెద్దోళ్ళు అడిగితే?"

"బేసులు కుట్టే ఆమె చెప్పిందను. నా నెత్తిన వెయ్యి."

ఆయన గడ్డపార ఎత్తుకుని వల వెనకాలకు పోయాడు. నేను నేరుగా తమ్ముడి దగ్గరికి పోయి చెప్పేశాను. "కుర్చీలు వల వెనకాలకు మార్పించినా. రేపు మోసమనొద్దు."

"కుర్చీలు మారిస్తే కండ్లు మార్తాయా అక్కా? మార్చుకోపో" అన్నాడు. ఆ మాట నాకు చాలు.

కప్పు ఆట ధర్మవరానికీ పెనుకొండకూ పడింది. టీ అంగడి వాళ్ళు రైల్లో దిగారు, ఈ ఏడూ పిచ్చరే అంటూ. పెనుకొండకు కొత్త పిచ్చర్ ఒకతి వచ్చింది, పొడుగు పిల్ల. నేను క్యాచర్ అన్నాను. టీ అంగడి ఆయన నా చేతిలోని సంచీ తీసుకుని, "ఎండకు వచ్చినావు, కూర్చోక్కా" అన్నాడు జాలిగా.

పెద్దలు వచ్చి వల వెనకాల నీడలో హాయిగా కూర్చున్నారు. మేనకోడలు వాళ్ళ ముందర, వీపు చూపిస్తూ కూర్చుని ఉంది. మోకాళ్ళ మధ్య చేయి పెట్టి వేళ్ళు చూపిస్తుంది, తన జట్టు పిచ్చర్ తల ఊపి ఆ ప్రకారమే విసురుతుంది. ఒక బంతి నేలకు తగిలి పక్కకు ఎగిరితే ఒళ్ళంతా అడ్డం వేసి ఆపింది. పెద్దల్లో ఒకాయన ముందుకు వంగి, "ఎవరిదయ్యా ఆ పిల్ల?" అన్నాడు. నేను బేసులు తుడిచే గుడ్డను గట్టిగా పిండాను, అందులో నీళ్ళు లేకపోయినా.

అప్పుడు ఫోటోలు తీసే అబ్బాయి వచ్చాడు. మైదానంలోనుంచి పెద్దల వైపు కెమెరా పెట్టి చూశాడు. దించి మళ్ళీ చూశాడు.

"సార్, వల అడ్డమొస్తాంది. ఫోటోలో అందరూ జైల్లో ఉన్నట్లు పడతాండారు."

పెద్దలు ఒకరినొకరు చూసుకున్నారు. జైలు మాట విన్న ముఖ్య అతిథి అందరికంటే ముందు లేచాడు. కుర్చీలు ఎత్తుకుపోయి మూడో బేసు పక్కన ఎండలోనే వేసి, తలమీద గొడుగులు పట్టారు. నేను నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఇన్ని సంవత్సరాలు కుర్చీలు పక్కనే ఎందుకు పడుతున్నాయో అప్పుడు తెలిసింది. అది ఎండ వల్లా కాదు, నీడ వల్లా కాదు.

ఖాళీ అయిన షామియానా కింద చేయి విరిగిన కుర్చీ ఒకటి మిగిలింది. మగ్గం వదిలి ఆలస్యంగా వచ్చిన తమ్ముడు అందులో కూర్చున్నాడు. నేను పక్కన నేల మీద.

"ఏమక్కా, నీ పెద్దోళ్ళు లేచిపోయినారు" అన్నాడు.

"ఆట చూడు."

చూశాడు. మొదట ఊరికే చూశాడు. తర్వాత కుర్చీలో ముందుకు జరిగాడు. "అదేందక్కా, వేళ్ళు చూపిస్తాంది?" అన్నాడు. ఏ బంతి వేయాలో ఈ పిల్లే చెబుతుందని చెప్పాను. పెనుకొండ పిల్ల ఒకతి మొదటి బేసునుంచి రెండో బేసుకు దొంగతనంగా పరుగు తీసింది. మేనకోడలు కూర్చున్న చోటునుంచి లేస్తూనే విసిరింది. బంతి పిచ్చర్ తల పక్కనుంచి పోయి రెండో బేసు దగ్గర కాపుకాసే పిల్ల చేతిలో పడింది, పరుగెత్తే పిల్ల ఇంకా రానేలేదు. తమ్ముడు ఆట చివరి దాకా ఆ కుర్చీలోనుంచి లేవలేదు.

కప్పు ధర్మవరానికి వచ్చింది. తొలి ఏటి బహుమతి పెనుకొండ పిచ్చర్‌కు పోయింది. ఆ పొడుగు పిల్ల బాగా విసిరింది, కాదనను. టీ అంగడి ఆయన దగ్గరికి వచ్చి, "లెక్క తప్పలేదు కదక్కా. నీ లెక్కే" అన్నాడు. అవునన్నాను. బేసులు దులిపి మూట కట్టాను.

తమ్ముడి ఇంటికి పోయేసరికి పొద్దు వాలుతోంది. మరదలు గోడకు ఆనుకుని కూర్చుని ఎదురుచూస్తోంది. "వదినా, ఎట్ల ఆడింది?" అంది నన్ను చూడగానే. నేను కాళ్ళు కడుక్కుని వచ్చి, చాప మీద కూర్చుని, నోరు మూసుకున్నాను. ఆమె తమ్ముడి వైపు చూసింది. "ఓడిపోయినారా?"

"కప్పు వచ్చింది. బహుమతి రాలేదు" అన్నాడు. చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తూ, "వెనకాల కూర్చుని అన్నీ ఇదే చేయిస్తాది. ఆ పిల్ల ఊరికే విసుర్తాది, అంతే" అన్నాడు. అంతలోనే, "అయినా పందెం పందెమే."

పిల్ల అప్పటిదాకా బయట కాళ్ళ దుమ్ము కడుక్కుంటోంది. లోపలికి వచ్చి నాయన ఎదురుగా నిలబడింది.

"నాయనా, పందెం ఎవురు కాసినారు?"

"నేనూ మీ అత్తా."

"నేను కాసినానా?"

తమ్ముడు పక్కనున్న కండె తీసి చేతిలో తిప్పాడు.

"మీరిద్దరూ నా మీద కాసినారు. నన్ను ఒక్కరన్నా అడిగినారా? నేను ఏ మాటా ఇయ్యలే, ఏ మాటా ఓడలే." గొంతు పెంచలేదు. "ఎదురింటి పిన్నమ్మ వాళ్ళ మగ్గం నిలిచిపోయి రెండు నెలలాయె. అంచు అందించేకి ఆమెను అడిగినా. వస్తానంది. రేపటినుంచే వస్తాది, నువ్వు ఊఁ అంటే. నేను సెలవులకొచ్చి కూర్చుంటా."

"ఎప్పుడడిగినావు?"

"మీరు పందెం కాసినారే, ఆ సాయంత్రమే."

మరదలు నడుము నొప్పి మరిచిపోయి నిటారుగా కూర్చుంది. నాకు చెప్పాలని ఎన్ని మాటలు వచ్చాయో గొంతు దాకా. పిన్నమ్మ పనిమంతురాలని, అనంతపురం ఏమంత దూరమని, ఇంకా ఎన్నో. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. మాట పెట్టి ఓడినదాన్ని. ఇప్పుడు నోరు విప్పితే, మా ఇళ్ళల్లో పందెమనే మాటకు విలువుండదు. అంతకంటే, ఆ పిల్ల తన మాట తానే చెప్పుకుంటోంది, నాది మధ్యలో అడ్డం పడకూడదు.

తమ్ముడు మగ్గం వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావక్కా?"

నేను చెంబెత్తి నీళ్ళు తాగాను.

"పందెం లేదు గిందెం లేదు. నేనే ఇడిచిపెడ్తాండా. చెప్పు."

తల అడ్డంగా ఊపాను. కూతురి వైపు చేయి చూపించాను.

వాడికి ఇక వేరే దారి లేకపోయింది. కూతురినే అడిగాడు. "ఆడికి పోవాలంటే ఏం కావాల?"

"నువ్వొచ్చి సంతకం పెట్టాల."

"ఎప్పుడు?"

"సోమవారం."

"సోమవారం చీర దించాల. అయ్యేది లేదు."

"అయితే మంగళవారం పోదాం" అంది పిల్ల వెంటనే.

మరదలు నవ్వింది, ఈసారి ఆపుకోలేదు. తమ్ముడు ఒకసారి భార్యను చూసి, ఒకసారి కూతుర్ని చూసి, "పొయ్యి పిన్నమ్మను పిలుచుకొనిరా. ఆమె నోట వినాల నేను" అన్నాడు. పిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటింది.

మంగళవారం పొద్దున తొలి బస్సుకు ముగ్గురం అనంతపురం పోయాము. తోడుకు రమ్మన్నాడు తమ్ముడు, పోయాను. దారి పొడుగునా పిల్ల ఆట గురించి వాడే మాట్లాడాడు.